మా కరెంటు పెట్టె, వాళ్ల నాయన హార్మోనియం

డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా గదిలో రెండు రేడియోలు ఒకేసారి మోగాయి. ఇదంతా అక్కడ మొదలైంది.

నంద్యాలలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో, ఒక బియ్యం కొట్టు వెనక మా గది. నేనూ నా స్నేహితుడూ కలిసి ఉండేవాళ్లం. నాది గడివేముల పక్క పల్లె. అతనిది ఆళ్లగడ్డ. ఇద్దరం బీఎస్సీలో ఫిజిక్సు చదువుతున్నాం. డెబ్భయ్యో దశకం చివరి రోజులవి. అతని దగ్గర పాత వాల్వుల రేడియో ఒకటి ఉండేది. అది వేడెక్కి గొంతు విప్పేసరికి పాట సగం అయిపోయేది. నా దగ్గరున్నది మా నాయన ట్రాన్సిస్టరు. పొలం వార్తల కోసం ఆయన కొనుక్కున్నాడు. కాలేజీలో పాఠాలకు కావాలని చెప్పి తెచ్చుకున్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. తోలు కవరుతో సహా సంచిలో పెట్టి నన్ను బస్సెక్కించాడు. సాయంత్రం పూట అరుగు మీద ఇంక ఆయన ఏమీ వినకుండా కూర్చుని ఉంటాడన్న సంగతి నాకు చాలా రోజుల దాకా తట్టనే లేదు.

ఆ మధ్యాహ్నం రెండు రేడియోలూ ఒకే ట్రంకుపెట్టె మీద ఉన్నాయి. అతను తనదాంట్లో ఏదో స్టేషను వెతుకుతుంటే నా ట్రాన్సిస్టరులోంచి సన్నటి ఈల వచ్చింది. ముల్లు ఇంకాస్త తిప్పితే ఈల కిందికి దిగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ ఈల దగ్గర ముల్లు ఆపి అతను చెయ్యి తీయబోయాడు. చెయ్యి దూరంగా పోతుంటే ఈల ఎక్కింది. దగ్గరికి తెస్తే దిగింది. అసలు దేన్నీ ముట్టుకోకుండానే.

ఒక రేడియోలో పుట్టే తరంగం పక్క రేడియోలోకి దూరి అట్లా ఈల వేస్తుందని మా పుస్తకంలో ఉంది. దాని మీద పరీక్షలో ప్రశ్న కూడా వచ్చింది. కానీ అది పాటవుతుందని మాకెవరూ చెప్పలేదు. ఆ వారమంతా కాలేజీ నుంచి రాగానే గాలిలో చేతులాడిస్తూ కూర్చున్నాం. అతని చెయ్యి వణికేది. నా చెయ్యి కాస్త నిలకడగా ఉండేది. నాలుగు రోజులకు ఒక జోలపాట ముక్క, పక్కన కూర్చున్నవాళ్లు గుర్తుపట్టేలా తీయగలిగాను. గోడ అవతల ఉండే ఇంటావిడ మాత్రం కుక్కపిల్లను తెచ్చి కట్టేశారా అని అడిగింది.

అప్పటినుంచి పని పంచుకున్నట్టయింది. చెయ్యడం అతనిది, వాయించడం నాది.

అతను క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాడు. చేతిలో సోల్డరింగు ఐరన్ ఉంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు. ఈల బాగానే ఉంది గానీ ఎవరన్నా గదిలో అటూ ఇటూ నడిస్తే చాలు, స్వరం చెదిరిపోయేది. హార్మోనియంలా మెట్లుండాలి, ఏ మెట్టు నొక్కితే ఆ స్వరమే పలకాలి అన్నాడు. రేడియోలు బాగుచేసే అంగట్లో పనికిరావని పక్కన పడేసిన సామాన్లు అడిగి తెచ్చాడు. పండ్ల దుకాణం ముందు పడేసిన పెట్టె చెక్కతో డబ్బా చేశాడు. వడ్రంగి దగ్గర మిగిలిన సన్నటి పట్టీలు మెట్లయ్యాయి. వాటి కింద బాల్‌పెన్నుల స్ప్రింగులు పెట్టాడు. క్లాసులో పెన్నులు రాయడం మానేశాయని ఎవరన్నా అంటే ఇద్దరం తల వంచుకునేవాళ్లం. ట్రాన్సిస్టర్లు చాలకపోతే అతను మా నాయన రేడియోను కూడా విప్పాడు. నేనే విప్పమన్నాను. ఊరికి పోయినప్పుడు నాయన అడిగితే రిపేరుకిచ్చానని చెప్పాను. సరేలే, నిదానంగా తెచ్చుకో అన్నాడాయన.

డబ్బా తయారైంది. నొక్కితే మోగింది. తుమ్మెద డబ్బాలో చిక్కుకుని పాడినట్టుండేది దాని గొంతు. మాకదే గొప్ప. ప్రతి మెట్టు కిందా ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పితే ఆ మెట్టు స్వరం పైకీ కిందికీ జరుగుతుంది. ఇబ్బందల్లా అక్కడే. ఏ స్వరం ఎక్కడుండాలో మా ఇద్దరికీ కచ్చితంగా తెలియదు. సరిపోయిందనుకుని నేను పాట మొదలుపెడితే ఏదో ఒక మెట్టు దగ్గర పళ్లు జివ్వుమనేవి.

"నాయన కాడికి పోదాం పా," అన్నాడు నా స్నేహితుడు.

వాళ్ల నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడిలో టీచరు. చర్చిలో హార్మోనియం ఆయనదే. అంటే వాద్యం చర్చిది, వాయించేది ఆయన. పెళ్లికి ముందు నుంచీ వాయిస్తున్నాడట. ఆదివారం ఆరాధనలోనూ పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ ఆ ఊళ్లో వాళ్లందరూ ఆయన హార్మోనియం గాలితిత్తి ఊపితేనే పాడారు. పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా, గొంతు మాత్రం చిన్నది. ఈమధ్య ఎడమ భుజం నొప్పి. తిత్తి ఊపే చెయ్యి కదా, పట్టేసింది. నేనాయన్ని సార్ అనేవాణ్ణి. ఆయన నన్ను అప్పా అనేవాడు.

డబ్బాను దుప్పట్లో చుట్టి సిరివెళ్ల మీదుగా పోయే బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాం. ఆయన దాని చుట్టూ తిరిగి చూశాడు. వంగి వెనక చూశాడు.

"తిత్తి యాడుండాది?" అన్నాడు.

తిత్తి లేదనీ గాలి అక్కర్లేదనీ కొడుకు చెప్పాడు. ఆయన నమ్మలేనట్టు ఒక మెట్టు నొక్కి, వేలు తీయకుండా అట్లాగే ఉంచాడు. హార్మోనియంలో అయితే కాసేపటికి ఊపిరి అయిపోయి స్వరం వాడిపోతుంది. ఇది వాడిపోలేదు. ఆయన వేలు తీసే దాకా మోగుతూనే ఉంది. ఆయన నవ్వాడు. చర్చి నుంచి హార్మోనియం తెప్పించి మా డబ్బా పక్కన పెట్టించాడు. కళ్లు మూసుకుని ఒక్కో మెట్టు నొక్కి పట్టి, "ఇంగ రవ్వంత పైకి," "చాలు," "కొంచెం దించు," అని చెబుతుంటే కొడుకు మరలు తిప్పాడు. భుజం నొప్పి వచ్చినప్పుడు ఆగి చెయ్యి విదిలించుకునేవాడు. వాళ్లమ్మ బొరుగుల ఉగ్గాని చేసి తినడానికి పిలిచినా లేవలేదు. పొద్దుగూకేసరికి మా డబ్బా మొదటిసారి తప్పు లేకుండా పాడింది. వాయించింది నేను. ఆయన నా వీపు తట్టాడు. కొడుకు వీపు తట్టలేదు గానీ చాలాసేపు అతని చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ చేతుల మీద కాలిన మచ్చలుండేవి.

ఆ క్రిస్మసుకు ఈ పిల్లోళ్ల పెట్టె చర్చిలో పెడదామని పాస్టరుగారిని అడిగింది ఆయనే. మాకు ఆ ధైర్యం లేదు. నేను క్రైస్తవుణ్ణి కూడా కాదు. అయినా పర్వాలేదన్నారు. తన హార్మోనియం, మా పెట్టె రెండూ కలిసి వాయిద్దామని ఆయన అనుకున్నాడు. పాటలన్నీ నాకు నేర్పించింది ఆయనే. ప్రతి పాటనూ ముందు నోటితో పాడి, తర్వాత హార్మోనియం మీద వేసి, చివరికి నా వేళ్లు పట్టి మెట్ల మీద పెట్టించాడు.

పండగ ముందు రోజు చర్చిలో సాధన చేశాం. మా పెట్టె వైరును అక్కడి ఆంప్లిఫయరుకు తగిలిస్తే పైకప్పు అదిరింది. హార్మోనియం వినిపించనే లేదు. పెట్టె గొంతు తగ్గిస్తే రెండూ వినిపించాయి గానీ, మా పెట్టె వేడెక్కి స్వరం కాస్త జరిగిపోయి, రెండు గొంతులూ పోట్లాడుకున్నాయి. మూడో పాట దాకా చూసి, ఒకటే ఉంటే మంచిదేమో అన్నారు పాస్టరుగారు. ఏది ఉండాలో ఆయన చెప్పలేదు. అక్కడ చేరిన కుర్రవాళ్లంతా పెట్టెనే ఉంచమన్నారు. సారు నా వైపు చూశాడు. హార్మోనియమే ఉండనివ్వండని నేను అనొచ్చు. నా స్నేహితుడూ అనొచ్చు. ఇద్దరం పెట్టె మీద పడిన దుమ్ము తుడుస్తున్నట్టు వంగి ఉన్నాం.

"సరే, ఒకటే ఉండనీ," అని ఆయన హార్మోనియం మూత వేశాడు.

పొద్దున చర్చి కిటకిటలాడింది. కోయిలకుంట్ల వైపు నుంచి కూడా చుట్టాలు వచ్చారు. నేను వాయించాను. నా స్నేహితుడు పెట్టె వెనక మోకాళ్ల మీద కూర్చుని మరలు చూసుకున్నాడు. సారు మగవాళ్ల వైపు ముందు వరసలో, చాప మీద కూర్చున్నాడు. జనం ఊపిరితో లోపల వేడెక్కేకొద్దీ పెట్టె స్వరాలు జరగడం మొదలైంది. నాకది తెలుస్తూనే ఉంది, ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు చూశాను. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, చూపుడు వేలు రవ్వంత పైకెత్తాడు. కొడుకు మర తిప్పాడు. స్వరం సర్దుకుంది. కాసేపయ్యాక వేలు కిందికి దిగింది. కొడుకు ఇంకో మర తిప్పాడు. ఆరాధన అయ్యేదాకా ఆయన అట్లా వేలితోనే మా పెట్టెను కాపాడాడు. పక్కనున్నవాళ్లు కూడా గమనించలేదు.

బయటికొస్తే అందరూ మా చుట్టూ మూగారు. ముసలమ్మలు నా తల మీద చెయ్యి పెట్టారు. ఆడపిల్లలు పెట్టె ఎట్లా మోగుతుందని అడిగారు. ఆయన గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ కనిపించాడు. పోయి ఆయనతో మాట్లాడాలనుకున్నాను. ఎవరో నా చేతిలో కేకు ముక్క పెట్టి, ఇంకోసారి వాయించమన్నారు. లోపలికి పోయాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కేవాళ్లం. నాకా ప్రయాణం ఇష్టంగా ఉండేది. నాకు కుర్చీ వేసేవాళ్లు. మొదట్లో సారు ముందు వరసలోనే కూర్చుని వేలితో చెప్పేవాడు. తర్వాత నా స్నేహితుడు వేడికి జరగకుండా లోపల ఏదో మార్చాడు. ఇంక వేలు చూడాల్సిన పని లేకపోయింది. అది అతని గెలుపు. గదిలో గంతులు వేశాడు. నేనూ సంతోషించాను. ఆ తర్వాత సారు రెండు మూడు వరసలు వెనక్కి పోయాడు. ఒకటి రెండు ఆదివారాలు రాలేదు. భుజం నొప్పి ఎక్కువైందేమో అనుకున్నాం. ఎండలు ముదిరేసరికి, మూలన తెల్లగుడ్డ కప్పి ఉండే హార్మోనియం కూడా కనిపించలేదు.

దాని గురించి నా స్నేహితుడు బస్సులో మామూలుగా చెప్పాడు. రుద్రవరం దాటాక నల్లమల కింద, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ప్రార్థన కూడిక కొత్తగా మొదలైందట. చెంచు కుటుంబాలు కొన్ని, కట్టెలు కొట్టేవాళ్లు, కూలిపనికి పోయేవాళ్లు. ఇక్కడ హార్మోనియం ఊరికే ఉంది కదా అని చర్చి సంఘం వాళ్లు దాన్ని అక్కడికి ఇచ్చేశారు. వాళ్ల నాయనే బస్సు మీద వేయించి తీసుకుపోయాడు. ఆదివారాలు ఆయన అక్కడికే పోతున్నాడు.

"మంచిదే అయింది. ఈడ వాయించే బాధ తప్పింది నాయనకు. భుజం నొప్పి కదా," అన్నాడు.

అతను కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. భుజం నొప్పి ఉన్న మనిషి అంత దూరం పోయి మళ్లీ అదే తిత్తి ఎందుకు ఊపుతున్నాడని నేను అడగలేదు. అడిగితే అతను కూడా అదే మాట అనుకోవాల్సి వస్తుంది. ఆ రోజు ఆరాధనలో నా వేళ్లు తడబడ్డాయి.

తర్వాతి ఆదివారం నేనొక పని చేశాను. ఊరికి పోతున్నానని స్నేహితుడికి అబద్ధం చెప్పలేదు గానీ, నిజం కూడా చెప్పలేదు. నువ్వు ముందు పో, నేను వెనక బస్సులో వస్తానన్నాను. ఆళ్లగడ్డలో దిగాను. చర్చి వైపు పోకుండా రుద్రవరం బస్సెక్కాను.

అక్కడ దిగాక చాలాసేపు నడవాల్సి వచ్చింది. బోదగడ్డి కప్పిన కొట్టం, చుట్టూ గోడల్లేవు. పాతికమంది కూడా ఉండరు. పాట దూరం నుంచే వినిపించింది. సారు కింద చాప మీద కూర్చుని రెండు చేతులతో వాయిస్తున్నాడు. అది చూసి నాకు అర్థం కాలేదు. రెండు చేతులూ మెట్ల మీదుంటే తిత్తి ఎవరు ఊపుతున్నారు? దగ్గరికి పోయాక కనిపించింది. హార్మోనియానికి అవతలి పక్క ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చెంచుల మనిషి. ఒక చేత్తో తిత్తి ఊపుతూ, గొంతెత్తి పాడుతోంది. ఆమె తన పాటకు తగ్గట్టు ఊపుతోంది. ఆయన ఆమె ఊపుకు తగ్గట్టు వాయిస్తున్నాడు. ఒక్కోసారి ఆమె పాటలో మునిగి ఊపడం మరిచిపోయేది. స్వరం ఆగిపోయేది. అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

ఆయన నన్ను చూసి తల ఊపాడు. పాట పూర్తయ్యేదాకా లేవలేదు. అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి మొదట అడిగిన మాట ఇది:

"నువ్వీడుంటే, ఆడ ఎవురు వాయిస్తాండారప్పా?"

అంతదాకా నాకా ఆలోచనే లేదు. చర్చి నిండా జనం, పెట్టె వెనక నా స్నేహితుడు, ముందు ఖాళీ కుర్చీ. అప్పటికి ఆరాధన సగం అయిపోయి ఉంటుంది.

బస్సు దాకా ఆయన నాతో నడిచాడు. ఎండ మండిపోతోంది. సగం దారిలో, మీకు అన్యాయం చేశాం సార్ అన్నాను. ఆయన నడుస్తూనే అన్నాడు:

"అన్యాయం అంటావేందప్పా. దానికి శ్రుతి చేసిచ్చింది నేనే కదా. మీ పెట్టె మంచిదే. దాని కాడ నాకు పని ల్యాకపోయింది. పని లేకుండా ముందర కూచోవడం నాకు చేతగాల్యా. అంతే."

కోపం లేదు ఆ మాటలో. ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది. బస్సు వచ్చేదాకా ఆ పెద్దావిడ గురించి చెప్పాడు. ఆమెకు ఒక్క పాట వినిపిస్తే చాలట, మళ్లీ మరిచిపోదట. తిత్తి ఊపడం ఎవరూ నేర్పలేదు, ఆయన భుజం పట్టుకోవడం చూసి తనే వచ్చి కూర్చుందట. నన్ను బస్సెక్కించి, వాడికి ఏం చెబుతావో చూసి చెప్పు, వాడు కష్టపడి చేసుకున్నాడు అన్నాడు.

గదికి చేరేసరికి నా స్నేహితుడు వచ్చి ఉన్నాడు. పెట్టె దుప్పట్లోంచి తీయలేదు. నా కోసం చూసి చూసి, చివరికి తనే వాయించడానికి కూర్చున్నాడట. చేతులు వణికి మొదటి పాటలోనే చెదిరిపోయింది. వెనక వరస కుర్రవాళ్లు నవ్వారట. పాస్టరుగారు పెట్టె ఆపమని చెప్పి, పాటలన్నీ ఉత్త గొంతుతోనే పాడించారు. ఎక్కడికి పోయావని అతను అడిగాడు. చెప్పాను. వాళ్ల నాయన ఏమన్నాడో కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

అతను తల వంచుకుని పెట్టె మీది దుప్పటి అంచు సర్దాడు.

"నాయనకు ఎట్లుండాదో నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. "ఇంట్లో ఆయన ముందర కూచుని అన్నం తింటాండేది నేను. నువ్వు పోయి ఒక్క మాట చెప్పుకోని మనసు తేలిక చేసుకోనొచ్చినావ్. నన్ను నడి చర్చిలో నిలబెట్టినావ్."

ఇంక నేను వాయించనన్నాను. అది మంచితనమని ఆ క్షణంలో అనుకున్నాను. అతను తల ఎత్తాడు.

"నువ్వు మానేస్తే నాయన తిరిగొస్తాడా? నేను నా చేత్తో చేసిన పని ఇదొక్కటేనప్పా. చదువు నాకు రాదు, నీకు తెలుసు."

నాకు తెలుసు. అయినా మానేశాను. ఆ మరుసటి ఆదివారం అతను ఒక్కడే పెట్టె ఎత్తుకుని పోయాడు. నేను గదిలో పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాను. వాయిస్తే తండ్రికి ద్రోహం, మానేస్తే కొడుక్కి ద్రోహం అన్నట్టుండేది. రెండింట్లో నాకు సులువైనదే నేను ఎంచుకున్నానని మాత్రం లోపల తెలుస్తూ ఉండేది. మంచం మీద పడుకోవడానికి కష్టమేముంది?

పరీక్షలు వచ్చాయి. నేను పాసయ్యాను. అతనికి రెండు పేపర్లు పోయాయి. సెప్టెంబరులో రాస్తానన్నాడు గానీ రాయలేదు. గది ఖాళీ చేసేరోజు సామాన్లు పంచుకున్నాం. మా నాయన ట్రాన్సిస్టరు ఖాళీ డబ్బా తోలు కవరులో ఉంది. దాన్ని ఇంటికి తీసుకుపోయి, బాగు కాలేదని చెప్పి అటక మీద పెట్టాను. నాయన దాన్ని విప్పి చూడనే లేదు.

ఎనభైల మొదట్లో నాకు ప్యాపిలిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అతను ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర రేడియోల అంగడి పెట్టాడు. తర్వాత టీవీలు వచ్చాక పని పెరిగింది. చర్చిలో పెట్టె వాయించడం తనే నేర్చుకున్నాడని విన్నాను. ఆరు నెలలు పట్టిందట. చివరికి బాగానే వాయించేవాడట. కొన్నేళ్లకు సంఘం వాళ్లు మద్రాసు నుంచి కంపెనీ కీబోర్డు తెప్పించారు. దాన్ని వాయించడానికి పట్నంలో నేర్చుకున్న కుర్రవాడు ఒకడు వచ్చాడు. ఆ రోజు నా స్నేహితుడు ఏ వరసలో కూర్చున్నాడో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో పెళ్లికని ఆళ్లగడ్డ పోయి, ధైర్యం చేసి అతని అంగడికి వెళ్లాను. అతను నన్ను చూసి స్టూలు జరిపాడు. టీ తెప్పించాడు. పాత సంగతులేవీ తీయలేదు. కాసేపయ్యాక లోపలి గదిలోకి తీసుకుపోయి గుడ్డ తీసి చూపించాడు. కొత్త పెట్టె. కొత్త రకం చిప్పులతో చేశాడు. గొంతు మార్చుకోవచ్చు, పిల్లనగ్రోవిలా, గంటలా.

"ఎవరి కోసం?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ముందే వచ్చేసింది.

"ఎవరి కోసమూ కాదు. ఊరికే," అన్నాడు. "కూచో, వాయించు."

టేపురికార్డరు ఆన్ చేశాడు. ఆ మధ్యాహ్నం అంగడి తలుపు దగ్గరగా వేసి, నేను వాయిస్తుంటే అతను మరలు తిప్పుతూ గొంతులు మార్చాడు. పాట అని చెప్పడానికి లేదు. ఏదో ఒక స్వరం, దాని వెనక ఇంకోటి. చాలా బాగుంది. అతను మధ్యలో ఒకసారి నవ్వాడు, కాలేజీ రోజుల్లోలాగే. నేను కూడా నవ్వాలనుకున్నాను. కానీ వేలు మెట్టు మీద పెట్టిన ప్రతిసారీ, దీనివల్ల ఎవరు లేచి వెనక వరసకు పోతున్నారో అనిపిస్తూ ఉండేది. అక్కడ మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నా పని చెయ్యలేదు.

సాయంత్రం సారు అంగడికి వచ్చాడు. రిటైరయ్యాడు. ఎడమ చెయ్యి భుజం దాకా లేవడం లేదు. మర్నాడు ఆదివారం కాబట్టి ఈ పూటే రుద్రవరం పోయి అక్కడే పడుకుంటాడట, నడక ఇప్పుడు కష్టం కదా. టేపు వినిపించమని కొడుకును తనే అడిగాడు. నిలబడే విన్నాడు. బాగుందప్పా అన్నాడు. ఆయన సంచి నేను పట్టుకుని బస్టాండు దాకా పోయాను. ఇప్పుడు అక్కడ గోడలు లేచాయని, జనం పెరిగారని చెప్పాడు. తిత్తి ఊపే పెద్దావిడ ఇంకా ఉందట, నన్ను అడిగిందట.

"ఒకసారి రాప్పా, ఆ యమ్మ పాట ఇను," అన్నాడు.

తప్పకుండా వస్తాను సార్ అన్నాను. ఆ సెలవుల్లో పోలేదు. ఆ తర్వాత సెలవుల్లోనూ పోలేదు. ప్రతిసారీ ఒక కారణం ఉండేది, అన్నీ నిజమైన కారణాలే.

ఎనభైలు అయిపోవస్తుండగా ఆయన పోయాడు. కబురు అందేసరికి ఆలస్యమైంది. ప్యాపిలి నుంచి నేను చేరేసరికి శవపేటికను సమాధుల తోటకు తెచ్చేశారు. ఆళ్లగడ్డ సంఘం వాళ్లంతా ఒక పక్క నిలబడ్డారు. ఇంకో పక్క అడవి కింద నుంచి వచ్చినవాళ్లు. నేను గుర్తుపట్టింది ఒక్క ఆ పెద్దావిడనే. ఏ వాద్యమూ తేలేదు. పాస్టరు ప్రార్థన ముగించాక, ఎవరూ చెప్పకుండానే ఆమె పాట ఎత్తుకుంది. ఆమెతో వచ్చినవాళ్లంతా అందుకున్నారు. ఆళ్లగడ్డ వాళ్లకు ఆ పాట తెలియదు. తల వంచుకుని విన్నారు.

నా స్నేహితుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. అతను కళ్లు తుడుచుకుని, అందరూ మన్ను వేసేదాకా ఆగి, నా వైపు తిరిగాడు.

"పొద్దున్నుంచి ఏం తిని ఉండవు," అన్నాడు. "అమ్మ అడుగుతాండాది. ఇంటికొచ్చి తినిపో."

పోయాను. వాళ్లమ్మ వడ్డించింది. నేను తిన్నాను.